రేడియేషన్, కీమో రోజుల్లో నోటి పూత: మొదటి రోజు నుంచి మానేదాకా ఇంట్లో చేయాల్సిన పని

"నోరు పూసింది, ఏం రాయాలి?"

మా అత్తయ్యకి నాలుక పక్కన క్యాన్సర్‌ వచ్చి 33 రేడియేషన్లు ఇప్పించాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్నే. గాజువాక నుంచి ఒకరు, పెందుర్తి నుంచి ఒకరు, శ్రీకాకుళం నుంచి వచ్చి ఆసుపత్రి దగ్గర గది తీసుకున్న వాళ్ళు ఇంకొకరు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను డాక్టర్‌ని కాదు. ఆ ఏడు వారాలు ఆవిడ వెంట తిరుగుతూ, నర్సుల చేత చీవాట్లు తింటూ నేర్చుకున్నది, తరవాత చదివి సరిచూసుకున్నది ఇది. మందుల పేర్లు రాశాను గానీ మోతాదులు చాలావరకు రాయలేదు. అవి మీ డాక్టర్ చీటీలోనే ఉండాలి.

ఇక ఆ ప్రశ్నకి నా జవాబు: రాసే మందు కన్నా పుక్కిలించే వేళ ముఖ్యం. నొప్పి వచ్చాక మొదలుపెట్టిన వాళ్ళు మూడో వారానికే తిండి మానేస్తారు, ఐదో వారంలో రేడియేషన్‌కి రాలేమంటారు. మధ్యలో రోజులు పోతే ఆ ఖాళీలో క్యాన్సర్ కణాలు మళ్ళీ పెరుగుతాయి, చికిత్స బలం తగ్గుతుంది. నోటి పూతని చిన్న విషయం అనుకోకూడదనేది అందుకే.

1. ముందు ఇది ఏ పూతో తేల్చుకోండి

నోరు పూస్తే "వేడి చేసింది" అనేసి మజ్జిగ తాగించడం మన అలవాటు. కానీ పూతలన్నీ ఒకటి కావు. మంచి టార్చ్ వెలుతురులో చూడండి.

- మామూలు పుండు: పెదవి లోపలో బుగ్గ లోపలో గుండ్రంగా, మధ్యలో పసుపు తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు. వారం నుంచి రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. మాటిమాటికీ వస్తుంటే ఐరన్, బి12, ఫోలిక్ యాసిడ్ తక్కువేమో రక్త పరీక్ష చేయించాలి.
- ఫంగస్ పూత: పెరుగు మీగడ అంటినట్టు తెల్లటి పొర, గీకితే ఊడి కింద ఎర్రగా కనిపిస్తుంది. షుగరు ఉన్నవాళ్ళలో, కట్టుడు పళ్ళు తీయకుండా పడుకునే వాళ్ళలో, ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు కడుక్కోని వాళ్ళలో ఎక్కువ.
- కాలిన పూత: పంటి నొప్పికి చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ పెట్టుకున్నా, లవంగ నూనె ఎక్కువగా రాసినా, ఖైనీ సున్నం తగిలినా అక్కడ తోలు తెల్లగా ఉడికినట్టు అవుతుంది.
- చికిత్స పూత: కీమో, రేడియేషన్ వల్ల వచ్చేది. నోరంతా ఎర్రబడి, తరవాత పుళ్ళు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇక్కడి నుంచి రాసేదంతా ఎక్కువగా దీని గురించే.

ఇంకొకటి ఉంది, అది విడిగా చెప్పాలి. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ బిళ్ళ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పెద్దవాళ్ళు దాన్ని మిగతా బిళ్ళల్లో కలిపి రోజూ వేసేసుకుంటారు. నాలుగైదు రోజుల్లో నోరంతా పగిలిపోతుంది. ఆ పూత ఒంట్లో రక్తకణాలు పడిపోతున్నాయని చెప్పే గుర్తు, ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా కీళ్ళ నొప్పుల మందులు ఉండి నోరు పూస్తే ముందు ఆ బిళ్ళల అట్ట చూడండి. రోజూ వేసుకున్నట్టు తేలితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పుక్కిలింతలతో పోయేది కాదది.

రెండు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేకపోయినా సరే, డాక్టర్‌కి చూపించాలి. ఎర్రటి మచ్చ, తెల్లటి మచ్చ, గట్టిపడిన అంచు ఉంటే అన్ని రోజులు కూడా ఆగొద్దు.

2. ఎవరికి ఎక్కువగా వస్తుంది: టిక్కులు పెట్టుకోండి

నోటి లోపలి పొర ఎప్పుడూ కొత్తది పుట్టుకొస్తూనే ఉంటుంది. ఒకటి రెండు వారాల్లో పాత కణాలు పోయి కొత్తవి వస్తాయి. వేగంగా పెరిగే కణాల్ని చంపడమే కీమో, రేడియేషన్‌ పని కాబట్టి క్యాన్సర్‌తో పాటు ఈ పొరా దెబ్బతింటుంది.

చికిత్స వైపు నుంచి:

- [ ] తల, మెడ, నోటి భాగానికి రేడియేషన్
- [ ] రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ లాంటి కీమో కూడా
- [ ] 5-ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్), మెథోట్రెక్సేట్, డాక్సోరూబిసిన్, సైటరాబిన్, మెల్ఫలాన్ మందుల్లో ఏదైనా
- [ ] పోయిన కీమోకి కూడా నోరు పూసింది

మనిషి వైపు నుంచి:

- [ ] పుచ్చు పళ్ళు, వదులైన పళ్ళు, రక్తం కారే చిగుళ్ళు
- [ ] బుగ్గకో నాలుకకో గీసుకునే పంటి అంచు, సరిగ్గా కూర్చోని కట్టుడు పళ్ళ సెట్టు
- [ ] చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, మందు
- [ ] నోరు ఎండిపోవడం
- [ ] అదుపులో లేని షుగరు, కిడ్నీ జబ్బు
- [ ] ఇప్పటికే బరువు తగ్గి చిక్కిపోయి ఉండటం

ఎన్ని టిక్కులు పడ్డాయో ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. మొదటి రోజే చూపించాలి, మూడో వారంలో కాదు.

మన ఉత్తరాంధ్ర వాళ్ళం ఇక్కడ ఇంకో అలవాటు కూడా రాసుకోవాలి. అదే అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే పెద్దావిడలు తీరం ఊళ్ళల్లో ఇంకా కనిపిస్తారు. ఆ వేడికీ పొగకీ అంగిలి తెల్లగా మందమెక్కుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు వస్తాయి. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూడరు. అంగిలి క్యాన్సర్ అక్కడే మొదలవుతుంది. మీ ఇంట్లో అలాంటి పెద్దమ్మ ఉంటే తల వెనక్కి వాల్చమని చెప్పి టార్చ్ వేసి చూడండి. "నాకేటీ లేదురా" అంటుంది, అయినా చూడండి.

కొందరి ఒంట్లో 5-ఎఫ్‌యూని విరిచే డీపీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. కెపెసిటాబిన్ బిళ్ళలు కూడా ఒంట్లో 5-ఎఫ్‌యూగానే మారతాయి. మొదటి కీమో అయిన కొద్ది రోజులకే నోరు విపరీతంగా పగిలి, విరేచనాలు పట్టుకుంటే ఆ సంగతి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. బిళ్ళలైతే అడిగేదాకా తరవాతి బిళ్ళ వేయొద్దు.

3. చికిత్సకి ముందు: పళ్ళ పని ముగించండి

అందరూ దాటవేసే మెట్టు ఇది. "క్యాన్సర్ పెట్టుకుని పళ్ళేంటి" అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

తల, మెడ రేడియేషన్ తీసుకోబోయే వాళ్ళు ముందే పంటి డాక్టర్‌కి చూపించుకోవాలి. తీయాల్సిన పన్ను ఉంటే రేడియేషన్ మొదలవడానికి కనీసం రెండు వారాల ముందు, వీలైతే మూడు వారాల ముందు తీయించాలి. ఆ గాయం మానాలి గదా. రేడియేషన్ అయ్యాక దవడ ఎముకకి రక్తం అందడం తగ్గుతుంది. అప్పుడు పన్ను పీకితే ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది, అది ఏళ్ళ తరవాత కూడా పోదు.

విశాఖలో ఇందుకు దూరం వెళ్ళక్కర్లేదు. రుషికొండలో గీతం డెంటల్ కాలేజి ఉంది. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గానీ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ చికిత్స అయితే "రేడియేషన్‌కి ముందు పళ్ళు ఎవరికి చూపించాలి" అని అక్కడే అడగండి.

పంటి డాక్టర్ దగ్గర చేయించుకోవాల్సినవి:

- [ ] గార తీయించడం
- [ ] పుచ్చు పళ్ళు నింపించడం, నిలవని పళ్ళు తీయించడం
- [ ] గీసుకునే అంచులు నున్నగా చేయించడం
- [ ] కట్టుడు పళ్ళ సెట్టు సరిచేయించడం
- [ ] ఫ్లోరైడ్ పేస్టు గానీ జెల్ గానీ రాయించుకోవడం

పొగాకు మానడం కూడా ఈ మెట్టులోనే. చికిత్స మధ్యలో మానేద్దాం అనుకుంటే పూత మీద పొగ తగులుతూనే ఉంటుంది.

4. ఇంట్లో ముందే తెచ్చి పెట్టుకునేవి

- [ ] బాగా మెత్తటి బ్రష్‌లు రెండు మూడు (పసిపిల్లల బ్రష్ కూడా బాగుంటుంది)
- [ ] నురగ తక్కువగా వచ్చే, ఘాటు పుదీనా లేని పేస్టు
- [ ] ఉప్పు, వంట సోడా
- [ ] మూత ఉన్న లీటరు సీసా, ప్రయాణానికి ఇంకో చిన్న సీసా
- [ ] టార్చ్, చిన్న అద్దం
- [ ] థర్మామీటరు
- [ ] బరువు తూచే మెషీన్
- [ ] పెదవులకి పెట్రోలియం జెల్లీ
- [ ] ఒక నోటు పుస్తకం

నోటు పుస్తకం తేలికగా తీసుకోవద్దు. రోజూ మూడు ముక్కలు చాలు: ఏం తిన్నారు, నొప్పి పదిలో ఎంత, నోట్లో కొత్తగా ఏం కనిపించింది. వారానికి ఒకసారి బరువు. ఓపీలో డాక్టర్‌తో దొరికేది కొద్ది నిమిషాలే, ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

5. పుక్కిలి నీళ్ళు: కలిపే తీరు, వేళలు

కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంట సోడా. కలిపి మూత పెట్టండి. మర్నాటికి మిగిలితే పారబోసి కొత్తది కలపండి.

వంట సోడా అంటే బజ్జీల పిండిలో వేసేది. బట్టల సోడా వేరు, అది నోట్లో పడకూడదు. నవ్వకండి, రెండూ ఒకే కొట్టులో, ఒకేలాంటి పొట్లాల్లో దొరుకుతాయి.

వరుస ఇది:

1. గోరువెచ్చగా గానీ మామూలు చల్లదనంలో గానీ రెండు పెద్ద చెంచాల నీళ్ళు నోట్లో పోసుకోండి.
2. అర నిమిషం మెల్లగా తిప్పండి. గట్టిగా పుక్కిలించక్కర్లేదు.
3. ఉమ్మేయండి, మింగొద్దు.
4. ఇలా రెండు మూడు సార్లు.
5. తరవాత పావుగంట వరకు ఏమీ తినొద్దు.

వేళలు: మొదటి రోజు నుంచీ లేవగానే, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు. మొత్తం మీద ఐదారు సార్లు. పుళ్ళు వచ్చాక మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి. రాత్రి బాత్రూంకి లేచినప్పుడు ఒకసారి. ఫోన్‌లో అలారం పెట్టేయండి. మా అత్తయ్యకి అలారం మోగితే చిరాకు. "మళ్ళీ కూసింది నీ కోడి" అనేది. కానీ లేచేది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు చిన్న సీసా సంచిలో ఉండాలి. నగరం నుంచి అగనంపూడి పోయి, మెషీన్ దగ్గర వంతు కోసం కూర్చుని తిరిగొచ్చేసరికి సగం రోజు అయిపోతుంది. ఆ సగం రోజులో రెండు మూడు పుక్కిలింతలు పోతే ఇంట్లో చేసినదంతా వెనక్కిపోతుంది.

మందుల షాపులో "ఇది వాడండి" అని రంగు రంగుల మౌత్‌వాష్ ఇస్తారు. చాలా వాటిలో ఆల్కహాల్ ఉంటుంది, పుండు మీద నిప్పు పెట్టినట్టు మండుతుంది, నోరు ఎండబెడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ చిగుళ్ళ జబ్బుకి మంచిదే గానీ రేడియేషన్ పూత రాకుండా ఆపదు, పైగా పళ్ళకి మరక పడుతుంది. డాక్టర్ రాస్తే సరే, మీరుగా కొనొద్దు.

6. బ్రష్ ఆపొద్దు

నోరు పూసిందని బ్రష్ మానేయడం సహజం. మానేస్తే పాచి పేరుకుని పుండులోకి క్రిములు చేరతాయి.

బ్రష్‌ని వేడి నీళ్ళలో అర నిమిషం ముంచితే ఇంకా మెత్తబడుతుంది. రోజుకి రెండుసార్లు, చిన్న చిన్న గుండ్రాలుగా. పేస్టు మండితే పేస్టు లేకుండా ఉప్పు సోడా నీళ్ళతోనే తోమండి. అదీ కుదరని రోజు శుభ్రమైన గాజుగుడ్డ తడిపి వేలికి చుట్టి తుడవండి. కచికతో, ఉప్పుతో, వేప పుల్లతో వద్దు. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయని చెప్తే బ్రష్ వాడొచ్చా లేదా అని అడిగి చేయండి.

కట్టుడు పళ్ళు తినేటప్పుడే పెట్టుకోవాలి. రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో ఉంచాలి. పుండు ఉంటే అసలు పెట్టుకోవద్దు.

7. కీమో రోజు ఐసు ముక్కలు: ఎవరికి, ఎవరికి వద్దు

5-ఎఫ్‌యూని ఒకేసారి ఇంజెక్షన్‌లా తోసే పద్ధతిలో ఇస్తుంటే, ఐదు నిమిషాల ముందు మొదలుపెట్టి అరగంట పాటు ఐసు చిప్స్ చప్పరించడం పూతని తగ్గిస్తుంది. చలికి నోట్లో రక్తనాళాలు ముడుచుకుని ఆ పొరకి మందు తక్కువగా చేరుతుంది. ఎక్కువ మోతాదు మెల్ఫలాన్‌కి కూడా ఇది చేస్తారు.

కానీ అదే రోజు ఆక్సాలిప్లాటిన్ కూడా ఉంటే ఐసు వద్దు. ఆ మందు ఎక్కించుకున్న వాళ్ళకి చల్లదనం తగిలితే గొంతు పట్టేసినట్టయి ఊపిరి అందనట్టు ఉంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. "పక్క బెడ్ ఆయన చప్పరిస్తున్నాడు" అని మీరు మొదలుపెట్టకండి. మీ సీసాల్లో ఏముందో నర్సునడిగాకే. ఐసు కూడా కాచిన నీళ్ళతో ఇంట్లో చేసి ఫ్లాస్కులో తీసుకెళ్ళాలి, చెరకురసం బండి ఐసు కాదు.

తల, మెడ రేడియేషన్‌కి పూత రాకుండా లో లెవెల్ లేజర్ వెలుతురు పెట్టే చికిత్స ఒకటి ఉంది. అన్ని చోట్లా ఉండదు, ఉందా అని అడగడంలో తప్పులేదు.

8. ఏ వారంలో ఏమవుతుంది

ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

కీమోకి: నాలుగైదు రోజులకి మంట, వారం నుంచి పది రోజులకి పుళ్ళు, రెండు మూడు వారాలకి మానడం. పుళ్ళు ముదిరే రోజుల్లోనే తెల్ల రక్తకణాలూ తగ్గుతాయి, జ్వరం విషయంలో జాగ్రత్త అందుకే.

రేడియేషన్‌కి: వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. మొదటి వారం ఏమీ ఉండదు, "మాకు రాలేదు" అనుకుంటారు. రెండో వారంలో ఎరుపు, రుచి పోవడం, లాలాజలం జిగటగా మారడం. మూడో వారం నుంచి పుళ్ళు. ఐదు నుంచి ఏడు వారాలు అన్నిటికన్నా కష్టం. ఆఖరి సిట్టింగ్ అయిపోయాక కూడా మొదటి వారం పది రోజులు అలాగే ఉంటుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

డాక్టర్లు దీన్ని నాలుగు మెట్లుగా లెక్కేస్తారు. మొదటిది ఎరుపు, మంట. రెండోది పుళ్ళున్నా అన్నం తినగలగడం. మూడోది నీళ్ళలాంటివి మాత్రమే దిగడం. నాలుగోది నోటితో ఏదీ తీసుకోలేకపోవడం. ఫోన్ చేసినప్పుడు "నోరు బాలేదండి" అనే బదులు "నిన్నటి నుంచి అన్నం దిగట్లేదు, జావ మాత్రమే దిగుతోంది" అని చెప్పండి.

9. నొప్పి మందుల వరుస

మొదటి మెట్టు: తినడానికి ముందు బెంజిడమిన్ పుక్కిలింత. మండితే అంతే నీళ్ళు కలపొచ్చు. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్, కానీ జ్వరం చూసుకున్నాకే. బిళ్ళ వేసి జ్వరాన్ని దాచేస్తే ఇన్ఫెక్షన్ తెలియకుండా ముదురుతుంది.

రెండో మెట్టు: లిగ్నోకెయిన్ జిగట మందు. నోరు మొద్దుబారుతుంది కాబట్టి తినగలుగుతారు. ఇబ్బంది కూడా అక్కడే. బుగ్గ కొరుక్కున్నా తెలియదు, వేడి తెలియదు, గొంతు మొద్దుబారితే పొలమారుతుంది. కూర్చోబెట్టి, చల్లారినది, చిన్న ముద్దలుగా పెట్టండి.

మూడో మెట్టు: ట్రమడాల్, మార్ఫిన్. ఇక్కడే ఇళ్ళల్లో గొడవ. మార్ఫిన్ అనగానే "ఇంక ఆశ లేదా?" అని ఏడుస్తారు. అది పుండు నొప్పికి ఇస్తున్న మందు, పుండు మానగానే తగ్గించి ఆపేస్తారు. మలబద్ధకం మాత్రం ఖాయం, కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు అదే రోజు నుంచి అడిగి తీసుకోండి.

తినడానికి అరగంట ముందు మందు పడాలి. నొప్పితో తిండి మొదలుపెట్టి, మధ్యలో బిళ్ళ వేస్తే ఆ పూట పోయినట్టే.

తేనె గురించి చాలామంది అడుగుతారు. తల, మెడ రేడియేషన్‌లో తేనె నోరంతా తిప్పి మెల్లగా మింగితే పూత కొంత తగ్గుతుందని వైద్య సూచనల్లోనూ ఉంది. అయితే షుగరు ఉంటే వద్దు. పళ్ళకి అంటుకుని పుచ్చు తెస్తుంది కాబట్టి తరవాత నోరు కడగాలి. తెల్ల కణాలు తగ్గిన రోజుల్లో డాక్టర్‌ని అడగాలి.

10. తిండి

ఇక్కడ కొంచెం ఆగి రాస్తాను, ఎందుకంటే చికిత్స నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

ఐదో వారంలో ఒక మధ్యాహ్నం మా అత్తయ్య కంచం తోసేసింది. "నోరంతా నిప్పులు పోసినట్టుందే, నానేటీ తినను." నేను రెండు మెతుకులైనా తినమని బతిమాలాను. అది నా తప్పు. అన్నం వదిలేసి వేరేది ఆలోచించాల్సింది. సాయంత్రం చల్లటి కస్టర్డ్ పెడితే గిన్నె ఖాళీ చేసింది.

దిగేవి:

- చోడి (రాగి) జావ, పాలలో కాచి, బాగా చల్లార్చి, వడకట్టి
- పెసరపప్పు మెత్తగా ఉడికించి పలచగా చేసిన కట్టు, నెయ్యి వేసి
- పెరుగన్నం మిక్సీ పట్టి (పెరుగు కమ్మగా ఉండాలి, పులిస్తే మండుతుంది)
- పాలలో నానబెట్టిన ఇడ్లీ
- పూర్తిగా ఉడికిన గుడ్డు, పప్పుకట్టులో మెదిపి
- సేమ్యా పాయసం, కస్టర్డ్, సగ్గుబియ్యం జావ
- ముళ్ళు తీసి, కారం లేకుండా ఉడికించి మెదిపిన చేప
- బాగా పండిన అరటి, గుజ్జు చేసి

వద్దు: ఆవకాయ, పులుసులు, ఆవ పెట్టిన కూరలు, చారు, టమాటా, నిమ్మ, నారింజ, పచ్చిమిరప, అప్పడాలు, చేగోడీలు, బీచ్‌లో మురీ మిక్చర్, సోడాలు, పొగలు కక్కే టీ.

గ్లాసు పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపితే అదే గ్లాసులో మాంసకృత్తులు పెరుగుతాయి. రోజుకి మూడు పూటలు అనే లెక్క మరిచిపోయి ఆరేడు సార్లు చిన్న గిన్నెతో ఇవ్వండి. పొద్దున్న నొప్పి తక్కువ ఉంటే పెద్ద గిన్నె అప్పుడే. విశాఖ ఉక్కపోతకి చెమట రూపంలో పోయే నీళ్ళూ లెక్కే. గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకి రెండు లీటర్లకి తగ్గకుండా చూడండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే చాలట్లేదని అర్థం.

వారంలో రెండు కిలోలు తగ్గితే తరవాతి ఓపీ దాకా ఆగకుండా చెప్పండి. ముక్కు గొట్టం వేద్దామంటే భయపడొద్దు. నోరు మానేదాకా తిండికి పక్కదారి అది. గొట్టం వద్దని పట్టుబట్టి, చిక్కిపోయి, మధ్యలో రేడియేషన్ ఆగిపోయిన వాళ్ళని చూశాను. గొట్టం ఉన్నా డాక్టర్ వద్దననంత వరకు రోజూ కొన్ని గుక్కల నీళ్ళు మింగుతూ ఉండాలి, లేకపోతే మింగే కండరాలు బిగుసుకుంటాయి.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

పటిక నీళ్ళు, పసుపు ముద్ద, లవంగ నూనె రాయడం. పుండు మీద పటిక మంట పుట్టించి పొర ఎండబెడుతుంది. రాసేసి ఉంటే మామూలు నీళ్ళతో కడిగి ఉప్పు సోడాకి మారండి.

బోరిక్ గ్లిజరిన్ పూయడం. షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు. మాకూ ఒక షాపులో అలాగే ఇచ్చారు. అది మింగే మందు కాదు, పైగా గ్లిజరిన్ కాసేపయ్యాక నోరు ఇంకా ఎండేలా చేస్తుంది.

బి-కాంప్లెక్స్ బిళ్ళలతో సరిపెట్టడం. విటమిన్ తక్కువై వచ్చిన పూతకి పనికొస్తుంది. రేడియేషన్ పూతకి అది జవాబు కాదు.

తెల్లటి పొర గీకి తీయడం. రేడియేషన్ పుండు మీద వచ్చే తెల్లటి పొర గాయం కప్పుకున్న పొర. గీకితే రక్తం కారుతుంది. ఫంగస్ అని అనుమానం వస్తే చూపించండి. నిస్టాటిన్, క్లోట్రిమజోల్, ఫ్లుకొనజోల్‌లో ఏదో ఒకటి రాస్తారు. నిస్టాటిన్ చుక్కలైతే చెప్పినంత సేపు నోట్లో తిప్పాలి, తరవాత అరగంట ఏమీ తినకూడదు. ఫ్లుకొనజోల్ అయితే వేసుకునే మిగతా మందులన్నీ చూపించాలి, ముఖ్యంగా రక్తం పలచబడే మందు ఉంటే.

మంట తగ్గిందని పుక్కిలింత ఆపేయడం. రేడియేషన్ అయ్యాక కనీసం నోరు పూర్తిగా మానేదాకా కొనసాగించాలి.

ఇంట్లో వాళ్ళే "రెండు రోజులు రేడియేషన్ ఆపి చూద్దాం" అనుకోవడం. ఆపాలా వద్దా అనేది డాక్టర్ చెప్పాలి. మీరు నొప్పి చెప్పండి, నొప్పికి దారి చూపిస్తారు.

12. ఆగకుండా ఆసుపత్రికి

- [ ] కీమో నడుస్తుండగా 100.4 డిగ్రీల జ్వరం, లేదా చలి వణుకు (అర్ధరాత్రైనా సరే)
- [ ] ఒక రోజంతా నీళ్ళు కూడా దిగకపోవడం
- [ ] మూత్రం బాగా తగ్గిపోవడం, లేస్తే కళ్ళు తిరగడం
- [ ] నోట్లో రక్తం ఒత్తి పట్టినా ఆగకపోవడం
- [ ] ఊపిరి కష్టం, లాలాజలం కూడా మింగలేకపోవడం
- [ ] పూతతో పాటు విరేచనాలు
- [ ] ఒంటి మీద బొబ్బలు, కళ్ళు ఎర్రబడటం

సొంత బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రి ఫైలు, మందుల అట్టలు, నోటు పుస్తకం ఒకే సంచిలో గుమ్మం దగ్గర ఉండాలి. అత్యవసర విభాగంలో మొట్టమొదటి మాటే "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని చెప్పండి. మామూలు జ్వరం వరుసలో కూర్చోబెట్టకుండా చూస్తారు.

13. పుళ్ళు మానాక

పుళ్ళు పోయినా నోరు పాత నోరు కాదు. లాలాజలం నెలల తరబడి తక్కువగా ఉంటుంది, కొందరికి పూర్తిగా తిరిగి రాదు. సీసా వెంట ఉంచుకోండి, ఫ్లోరైడ్ పేస్టు మానొద్దు, మూడు నాలుగు నెలలకోసారి పళ్ళు చూపించండి. ఎప్పుడు పన్ను తీయాల్సొచ్చినా "ఇక్కడ రేడియేషన్ అయింది" అని ముందుగా చెప్పండి.

నోరు తెరిచే వ్యాయామం డాక్టర్ చెప్పిన రోజు నుంచే చేయాలి. నిలువుగా మూడు వేళ్ళు పళ్ళ మధ్య పడుతున్నాయా అని వారానికోసారి చూసుకుని, తగ్గుతుంటే చెప్పండి.

కారం మెల్లగా. ముందు పప్పులో ఇంగువ పోపు, తరవాత కొంచెం మిరియం, ఆపైన చారు. మా అత్తయ్య ఆవకాయ ముట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. అదీ కడిగిన ముక్క, నెయ్యి కలిపిన అన్నంలో.